ఆయుధం పడతారా అమ్మా?

మా అమ్మ సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ 2021 మొదట్లో అయ్యింది, కోవిడ్ టైమ్, అందరికీ మాస్కులు, మధ్యలో ప్లాస్టిక్ అద్దం, నన్నైతే లోపలికే రానివ్వలేదు, పార్కింగ్‌లో కార్లో కూర్చోమన్నారు. అమ్మకి అప్పటికి డెబ్భై ఏళ్లు. యాభై ఐదు దాటి, గ్రీన్ కార్డు మీద పదిహేనేళ్లు ఉన్నవాళ్లకి ఇంగ్లిష్ పరీక్ష ఉండదు, సొంత భాషలోనే జవాబులు చెప్పొచ్చు, అందుకని గుడిలో పరిచయమైన ఒక ఆంటీని ఇంటర్‌ప్రెటర్‌గా బతిమాలి తీసుకెళ్లాం. లోపల ఏం జరిగిందో నాకు ఆ ఆంటీ చెప్పిందే. అమ్మ చెప్పే వెర్షన్ ఇంకోలా ఉంటుంది, అందులో ఆఫీసరు చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం పొడుగవుతుంటాడు.

ఫారంలో ఉన్నవన్నీ వరసగా అడుగుతూ వచ్చాడట. ఎప్పుడైనా అరెస్టయ్యారా, పన్నులు ఎగ్గొట్టారా, కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారా (మా తాతయ్య ఉన్నాడు, అమ్మ లేదు, అదృష్టం బాగుండి తాతయ్య సంగతి ఎవరూ అడగలేదు). అన్నింటికీ నో, నో, నో. అక్కణ్ణించి ఎస్ చెప్పాల్సిన ప్రశ్నలు మొదలవుతాయి, అక్కడ చాలామంది అలవాటు కొద్దీ నో అనేస్తారని ఆంటీకి ముందే భయంగా ఉందట. చట్టం అడిగితే అమెరికా తరఫున ఆయుధం పట్టడానికి మీరు సిద్ధమేనా? ఆంటీ దాన్ని తెలుగులో "ఆయుధం పడతారా అమ్మా?" అని అడిగింది. మా అమ్మ ఆఫీసరు వైపు చూసి, "కత్తిపీట ముందు కూర్చుంటే లేవలేకపోతున్నాను, తుపాకీ ఏం పడతాను నాయనా" అంది.

ఇంటర్‌ప్రెటర్ ఉన్నది ఉన్నట్టు చెప్పాలని రూలు. కత్తిపీటని ఇంగ్లిష్‌లో ఏమంటారో తెలీక ఆంటీ చేత్తో చూపించిందట, నేల మీద కూర్చుని, కాలు ఒకటి మడిచి, వంకాయ ఇలా తోసి. ఆఫీసరు నవ్వి, సరే గానీ ఎస్సా నోనా అన్నాడు. అమ్మ ఒక్క క్షణం ఆగి "ఎస్సే రాసుకోమను" అంది.

కార్లోకొచ్చాక ఆంటీ ఇదంతా చెప్పి పడీ పడీ నవ్వింది, నేనూ నవ్వాను. అమ్మ మాత్రం సీట్ బెల్ట్ పెట్టుకుంటూ "అబద్ధం ఆడానేమోరా" అంది.

అసలు అమ్మకి సిటిజెన్‌షిప్ మీద మోజేం లేదు. గ్రీన్ కార్డుతో ఆర్నెల్లు దాటి తెనాల్లో ఉండిపోతే తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ప్రశ్నల మీద ప్రశ్నలు, ఒకసారి గంటన్నర నించోబెట్టారు, అప్పట్నించీ నేనే పోరుతున్నాను తీసేసుకో అమ్మా అని. ఆ అబద్ధం మాట మాత్రం నన్ను పట్టుకుంది. ఎందుకంటే అదే వాక్యం నేను 2003లో చెయ్యెత్తి గట్టిగా చెప్పాను, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

అది ఏప్రిల్ 2003, నేవార్క్. ఇరాక్ యుద్ధం మొదలై నెల కూడా కాలేదు. నేను అప్లికేషన్ వేసింది ఐఎన్ఎస్ అనే పాత ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి, ప్రమాణం చేసే టైమ్‌కి ఆ ఆఫీసే లేదు, మార్చి 1న అదంతా హోమ్‌లాండ్ సెక్యూరిటీ కింద కలిపేశారు, నాకొచ్చిన ఉత్తరం మీద మాత్రం ఇంకా పాత పేరే ఉంది. బయట ప్రతి కారు మీదా జెండా, చెట్లకి పసుపు రిబ్బన్లు. ఫిబ్రవరిలో టెర్రరిస్టు దాడుల అలర్ట్ నారింజ రంగుకి పెంచి, ఇంట్లో డక్ట్ టేపూ ప్లాస్టిక్ షీట్లూ పెట్టుకోండి, కెమికల్ దాడి జరిగితే కిటికీలకి అంటించుకోవచ్చు అని గవర్నమెంటు వాళ్లే చెప్పారు. మా ఆవిడా నేనూ హార్డ్‌వేర్ షాపుకెళ్తే అప్పటికే ఖాళీ. ఆ టేపు దొరకలేదు గానీ పక్కన స్టిక్కర్లు ఉన్నాయి, జెండా స్టిక్కరు ఒకటి కొని బంపర్ మీద అంటించాను. దేశభక్తి అని చెప్పను. భయం.

ఆ భయం 2001 సెప్టెంబర్ 11 తర్వాత పట్టుకున్నది. నాలుగు రోజులకి, 15న, అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సర్దార్జీని ఆయన గ్యాస్ స్టేషన్ బయటే కాల్చి చంపారు, తలపాగా చూసి. ఆ వారమే మా అపార్ట్‌మెంట్స్‌లో గెడ్డాలు ఉన్న మనవాళ్లందరూ గీసేశారు. మరుసటి ఏడాది స్పెషల్ రిజిస్ట్రేషన్ అని ఒకటి పెట్టారు, పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఇరాన్, ఇలా పాతిక దేశాల మగవాళ్లు, వీసాల మీద ఉన్నవాళ్లు, వెళ్లి వేలిముద్రలూ ఫోటోలూ ఇచ్చి రావాలి. నా పక్క క్యూబికల్‌లో లాహోర్ కుర్రాడు ఒకడుండేవాడు, రోజంతా సెలవు పెట్టి వెళ్లొచ్చి, మర్నాడు ఏమీ మాట్లాడకుండా పని చేసుకున్నాడు. ఇండియా ఆ లిస్టులో లేదు. లంచ్‌లో మనవాళ్లం అనుకున్న మాట నాకింకా గుర్తుంది, "హమ్మయ్య, మనం లేం." ఆ హమ్మయ్య తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తర్వాతెప్పుడో చదివాను, 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి అయ్యాక ఇక్కడి చైనా వాళ్లు చొక్కాకి బ్యాడ్జీలు పెట్టుకుని తిరిగారట, నేను చైనీస్‌ని అని, అంటే జపాన్ వాణ్ణి కాదు, నన్ను కొట్టొద్దు అని. నా బంపర్ స్టిక్కరూ అదే జాతిది.

ప్రమాణం రోజు ఇంటి నించి ఫోన్. నాన్న అడగాలనుకున్నది ఇండియా పాస్‌పోర్టు సంగతి, కానీ ఫోన్ అమ్మ లాక్కుని "యుద్ధం అంటున్నారు, నిన్ను పంపరు గదా?" అని అడిగింది. నాకు ముప్ఫై ఏడేళ్లు, పొట్ట, కళ్లజోడు, ఒరాకిల్ డేటాబేస్. నవ్వేశాను. హాల్లో ఓ రెండొందల మందిమి, జడ్జి ముందు చెయ్యెత్తి ఒక్కో ముక్కా అప్పజెప్పాం, నాకు ముందు వరసలో యూనిఫాం వేసుకున్న కుర్రాడు ఒకడున్నాడు, పాతికేళ్లు కూడా ఉండవు, మెడ వెనక జుట్టు ఎంత దగ్గరగా కత్తిరించారంటే చిన్నప్పటి గాటు ఒకటి కనపడుతోంది. ఆయుధం పట్టే వాక్యం వచ్చినప్పుడు మేమందరం గుంపులో గోవిందా అన్నట్టు అనేశాం, ఆ కుర్రాడి గొంతు మాత్రం విడిగా వినపడింది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత సైన్యంలో పనిచేస్తున్నవాళ్లు గ్రీన్ కార్డు మీద ఏళ్ల తరబడి ఆగక్కర్లేదు, వెంటనే పౌరసత్వానికి పెట్టుకోవచ్చని బుష్ 2002 జులైలో ఆర్డర్ ఇచ్చాడు. నేను ప్రమాణం చేసిన నెలలోనే పేపర్లో హోసే గుటియెరెజ్ గురించి వచ్చింది, గ్వాటెమాలాలో దిక్కులేకుండా పెరిగి, కాగితాలు లేకుండా ఇక్కడికొచ్చి, తర్వాత గ్రీన్ కార్డు సంపాదించి, మెరైన్స్‌లో చేరి, మార్చి 21న, యుద్ధం మొదలైన రెండో రోజే చచ్చిపోయాడు. చచ్చిపోయాక సిటిజెన్‌షిప్ ఇచ్చారు. నా సర్టిఫికెట్టు అతని సర్టిఫికెట్టూ దాదాపు ఒకే టైమ్‌లో వచ్చాయన్నమాట. నేను దాని కోసం చేసిందల్లా ఒక ఫారం నింపి, ఫీజు కట్టి, సిటిజెన్‌షిప్ పరీక్షకి వంద ప్రశ్నలు బట్టీపట్టడం.

అమ్మ ఆ మాటన్నాక ఈ వాక్యం ఎక్కణ్ణించి వచ్చిందా అని కొంచెం తవ్వాను. ప్రమాణంలో ఆయుధం ముక్క చేరింది 1950లోనేనట. కానీ ప్రశ్న అంతకు ముందు నించే ఉంది. రోజికా ష్విమ్మర్ అని హంగరీ నించి వచ్చిన ఆవిడ, ఊరూరా తిరిగి యుద్ధాలు వద్దని ఉపన్యాసాలిచ్చే మనిషి, పౌరసత్వానికి పెట్టుకుంటే ఫారంలో ఇదే అడిగారు, అవసరమైతే ఆయుధం పడతారా అని. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పైగా అప్పట్లో ఆడవాళ్లని సైన్యానికి పిలిచే చట్టమే లేదు. ఎస్ అని రాసేసి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఆవిడ పట్టనని రాసింది. సుప్రీం కోర్టు దాకా వెళ్లింది, 1929లో ఓడిపోయింది. కోర్టు ఈ విషయంలో దారి మార్చుకుంది మళ్లీ 1946లోనే. ఇప్పుడు మతం ఒప్పుకోకపోతే ఆయుధం బదులు వేరే సేవ చేస్తానని చెప్పే వీలుంది. మా అమ్మకి ఆ వీలుందని మాకు ఇంటర్వ్యూకి ముందు తెలీదు, తెలిసినా కత్తిపీట సాకు ఆ కేటగిరీలోకి రాదనుకోండి.

సరే ఆవిడ పట్టనంది, ఇవ్వలేదు. పట్టినవాడి సంగతి ఏమిటి? భగత్ సింగ్ థింద్, పంజాబ్ నించి 1913లో వచ్చాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు. 1918 డిసెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలోని క్యాంప్ లూయిస్‌లో యూనిఫాం మీదే సిటిజెన్‌షిప్ తీసుకున్నాడు. నాలుగు రోజులకి రద్దు చేశారు. కారణం, తెల్లవాడు కాదు. 1790 నించీ చట్టంలో తెల్లవాళ్లకే అని ఉంది, 1870లో ఆఫ్రికా మూలాలున్నవాళ్లని కలిపారు, మధ్యలో మనం ఎటూ కాం. మళ్లీ ఓరెగన్‌లో పెట్టుకుంటే 1920లో అక్కడి కోర్టు ఇచ్చింది, గవర్నమెంటు దాని మీద అప్పీలుకెళ్లింది. సుప్రీం కోర్టులో థింద్ తరఫున చేసిన వాదన చదివితే నాకు ఒళ్లు జలదరించింది, ఈయన ఆర్యుడు, ఉన్నత కులం, కిందివాళ్లతో కలవనివాడు, కాబట్టి తెల్లవాడే అని. మన దగ్గర్నించి తెచ్చుకున్న రోగాన్నే ఇక్కడ మందుగా వాడదామనుకున్నారు, పని చెయ్యలేదు. 1923 ఫిబ్రవరి 19న జడ్జీలందరూ కలిసి కాదన్నారు, మామూలు మనిషి దృష్టిలో ఇతను తెల్లవాడు కాదు, అంతే అని. ఆ తీర్పు పట్టుకుని అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్లు పదుల మందికి రద్దు చేశారు. థింద్‌కి చివరికి 1936లో వచ్చింది, అదీ మొదటి యుద్ధంలో పనిచేసినవాళ్లకి ప్రత్యేకంగా చట్టం చేస్తే.

అదే ఫిబ్రవరి 19, పంతొమ్మిదేళ్ల తర్వాత, 1942లో, రూజ్‌వెల్ట్ ఇంకో కాగితం మీద సంతకం పెట్టాడు, దానితో పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ వాళ్లని లక్షా ఇరవై వేల మందిని దాకా క్యాంపుల్లో పెట్టారు, వాళ్లలో మూడింట రెండొంతులు ఇక్కడే పుట్టిన పౌరులు. ఆయుధం ప్రశ్న అక్కడిక్కూడా వెళ్లింది. 1943 మొదట్లో క్యాంపుల్లో ఒక ఫారం పంచారు, ఇరవై ఏడో ప్రశ్న, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి యుద్ధం చేస్తావా. ఇరవై ఎనిమిదోది, జపాన్ చక్రవర్తికి విధేయత వదులుకుంటావా. జపాన్ నించి వచ్చిన పెద్దవాళ్లకి ఇది ఎంత ఇరకాటమో చూడండి, వాళ్లకి అమెరికా పౌరసత్వం ఇవ్వదు, ఆసియా వాళ్లు కాబట్టి. ఎస్ అంటే ఉన్న ఒక్క దేశమూ పోతుంది, నో అంటే ద్రోహి. చుట్టూ ముళ్ల కంచె, కంచె బయట తుపాకీతో కాపలా, లోపలున్నవాణ్ణి నువ్వు మా తరఫున తుపాకీ పడతావా అని అడగడం. పట్టారు కూడా, వేలమంది, 442వ రెజిమెంట్ అని ఇటలీలో, ఫ్రాన్స్‌లో పోరాడారు, కొందరి అమ్మానాన్నలు అప్పటికింకా క్యాంపుల్లోనే ఉన్నారు.

ఇదంతా రాత్రి పూట చదివి పొద్దున కాఫీ దగ్గర అమ్మకి కథలాగా చెప్పేవాణ్ణి. అమ్మకి బాగా నచ్చింది మాత్రం రేషన్. 1942లో టైర్లతో మొదలుపెట్టి, పంచదార, కాఫీ, మాంసం, వెన్న, డబ్బా సరుకులు, పెట్రోలు, దాదాపు అన్నింటికీ పుస్తకాలూ స్టాంపులూ. సిటిజెన్లూ కానివాళ్లూ అని లేదు, అందరికీ అవే పుస్తకాలు. "అమెరికాలో రేషన్ కార్డులా?" అని అమ్మ ముందు నమ్మలేదు, తర్వాత ఏదో సాధించినట్టు నవ్వింది. కాఫీ మనిషికి ఐదు వారాలకి ఒక పౌండు, అంటే అర కేజీ కూడా లేదు అని చెప్తే కప్పు కింద పెట్టేసింది. "మన తెనాల్లో అయితే ఊరుకునేవాళ్లా" అంది.

అక్కణ్ణించి మాట ఎల్లాప్రగడ సుబ్బారావు గారి మీదకెళ్లింది. ఈయన పేరు మన స్కూలు పుస్తకాల్లో ఒక పేరాలో అయిపోతుంది. భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్‌లో దిగాడు, థింద్ తీర్పు వచ్చిన ఏడాదే. అంటే ఆయన అడుగుపెట్టేటప్పటికే ఈ దేశంలో ఆయన ఎప్పటికీ పౌరుడు కాలేడని రాసిపెట్టి ఉంది. హాస్పిటల్లో రాత్రి డ్యూటీలు చేసుకుంటూ చదివాడు, హార్వర్డ్‌లో పనిచేశాడు, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ లాబ్స్ అనే మందుల కంపెనీకి వెళ్లి అక్కడ రీసెర్చ్ మొత్తానికీ పెద్ద అయ్యాడు. పౌరులు కాని పద్నాలుగేళ్లు దాటిన ప్రతివాళ్లూ పోస్టాఫీసుకెళ్లి వేలిముద్రలు వెయ్యాలని చట్టం వచ్చిందీ 1940లోనే, లాహోర్ కుర్రాడు వేసినట్టే, పౌరుడు కాడు కాబట్టి ఈయనా ఆ లెక్కలోకే వస్తాడు. యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకి బోదకాలు వ్యాధి పట్టుకుంది, దానికి మందు వెతికే పని ఈయన లాబ్‌లో జరిగింది, అలా వచ్చిందే హెట్రజాన్. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ కథలు వేరే ఉన్నాయి, వాటికి ఇంకో పోస్టు కావాలి. అమ్మకి మిగతావేవీ తగల్లేదు గానీ బోదకాలు అనగానే తల ఎత్తింది, "ఏడాదికోసారి ఇంటికొచ్చి మింగిస్తారు, ఆ మాత్రలా?" అంది. అవే. అమెరికా సైనికుల కోసం ఒక భీమవరం ఆయన పెర్ల్ రివర్‌లో పని చేస్తే అది తిరిగి తిరిగి గోదావరి జిల్లాలకీ మా తెనాలికీ వచ్చింది.

ఆయన ఆయుధం పట్టలేదు, ఎవరూ అడగనూ లేదు, అడగడానికి ఆ ఫారం నింపే హక్కే లేదు. యుద్ధం అయ్యాక 1946 జులై 2న ట్రూమన్ సంతకంతో భారతీయులకి పౌరసత్వానికి దారి తెరిచారు, కొత్తగా వచ్చేవాళ్లకి ఏడాదికి వంద మంది కోటా, అవును, దేశం మొత్తానికి వంద. రెండేళ్లకి, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు పోయారు, యాభై మూడేళ్లు, అమెరికా పౌరుడు కాకుండానే. పెర్ల్ రివర్ మా ఇంటి నించి గంట డ్రైవ్. ఒక ఆదివారం అమ్మని తీసుకెళ్లాను, లెడర్లీ చేతులు మారి మారి ఫైజర్ దాకా వచ్చింది, గేటు బయట కారాపి చూపించాను. పెద్ద ప్రహరీ, పార్కింగ్ లాట్, బాతులు. అమ్మ కాసేపు చూసి "పెళ్లాం ఊళ్లోనే ఉండిపోయిందటగా, మళ్లీ వెళ్లనే లేదటగా" అంది. నేను ఆయన కనిపెట్టినవన్నీ చెప్పుకుంటూ వచ్చాను, అమ్మ అడిగింది అదొక్కటే.

ఇంకో విషయం చెప్పాలి. ఇంటర్వ్యూకి ముందు అమ్మ వంద ప్రశ్నలూ తెలుగులో రాసుకుని చదివేది, పాత క్యాలెండర్ల వెనక. 1900లలో అమెరికా చేసిన యుద్ధం ఒకటి చెప్పండి అనే ప్రశ్న దగ్గర "ఒక్కటి చెప్తే చాలట" అని మా ఆవిడతో జోకులేసేది. ఒక రోజు మాత్రం కాగితం పట్టుకుని నా గదిలోకొచ్చింది. మగపిల్లలందరూ సెలెక్టివ్ సర్వీస్‌లో ఏ వయసులో నమోదు చేసుకోవాలి? జవాబు, పద్దెనిమిది. "ఏరా, అంటే ఏమిటి ఇది?"

చెప్పాను. 1973 తర్వాత డ్రాఫ్ట్, అంటే బలవంతంగా సైన్యంలోకి తీసుకోవడం, లేదు, పేరు మాత్రం రాసి ఉంచుకుంటారు, 1980 నించీ, ఎప్పుడైనా అవసరమైతే అని. గ్రీన్ కార్డు వాళ్లు, కాగితాలు లేనివాళ్లు కూడా రాయించుకోవాలి, వర్క్ వీసా మీద ఉన్నంత కాలం అక్కర్లేదు. నేను ఇరవై ఏడేళ్లకి వచ్చాను కాబట్టి తప్పించుకున్నాను. "మరి వీడు?" అంది. వీడంటే మావాడు, పక్క గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడుకుంటున్నాడు. 2019లో పద్దెనిమిది నిండగానే ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో పూర్తి చేశాడు, తర్వాత పోస్టులో ఒక కార్డు కూడా వచ్చింది. మేమెవరం ఆ రోజు దాన్ని లెక్క చెయ్యలేదు, కాలేజీ అప్లికేషన్ల హడావిడిలో అదొక కాగితం. అమ్మ "నాకు చెప్పలేదే" అంది, మళ్లీ ఏమీ అనలేదు.

ప్రమాణం జూన్‌లో అయ్యింది. కోవిడ్ వల్ల తక్కువమంది, అరగంటలో అయిపోయింది, చిన్న జెండా ఒకటిచ్చారు. ఇంటికొచ్చాక సర్టిఫికెట్టు నా చేతికివ్వకుండా మనవణ్ణి పిలిచి "నీ కార్డు ఏదిరా" అంది. వాడికి ఏ కార్డో అర్థం కాలేదు, అర్థమయ్యాక ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు, గంటసేపు వెతికితే పాత ల్యాప్‌టాప్ బ్యాగులో దొరికింది. రెండూ కలిపి తన స్టీలు డబ్బాలో పెట్టుకుంది, నాన్న వాచీ, తెనాలి ఇంటి కాగితాలు ఉండే డబ్బా. "వై, నానమ్మా?" అన్నాడు వాడు.

"వాళ్లు పిలిస్తే ఈ డబ్బా తీసుకుని నేనొస్తాను. నేనూ ఎస్ అన్నానుగా, ముందు నన్ను తీసుకెళ్లమను" అని చెప్పి కాఫీ పెట్టుకోవడానికి లేచింది.